దంతెవాడ రాయి, కుంచం కింద దీపం

శంఖినీ డంకినీ నదులు కలిసేచోట, దంతెవాడ దంతేశ్వరి గుడిలో, రెండు శాసనాలున్నాయి. రెండూ చెప్పేది ఒకటే కథ. బస్తర్ రాజు దిక్పాలదేవుడు 1703లో కుటుంబంతో అమ్మవారి యాత్రకు వచ్చాడు, బలులు ఇచ్చాడు. ఆయన పూర్వీకుడు అన్నమరాజు ఓరుగల్లు ప్రతాపరుద్రుడి తమ్ముడు. ఒక రాయి మీద ఇదంతా సంస్కృతంలో ఉంది, రెండో రాయి మీద ‘భాష’లో, అంటే అప్పటి హిందీ పలుకుబడిలో ఉంది. రెండూ రాసినవాడు రాజగురువు భగవాన్ మిశ్ర, మైథిల పండితుడు. ఒకే సంగతి రెండుసార్లు ఎందుకు చెక్కించాడో కూడా చెప్పాడు: ఈ కలియుగంలో సంస్కృతం చదవగలిగేవారు కొద్దిమందే, అందుకని భాషలో రాయవలసి వచ్చిందట.

పాండిత్యమే బతుకుతెరువైన మనిషి తన పాండిత్యం జనానికి అందడం లేదని రాతి మీద ఒప్పుకోవడం తేలిక కాదు. మూడు వందల ఇరవై ఏళ్లు గడిచాక ఆ ‘భాష’ కూడా పాతబడింది. నేటి హిందీ చదువరికి అది వివరణ లేకుండా సాఫీగా సాగదు. దంతెవాడకు ఎంతో దూరం లేని బార్సూరులో దొరికిన 1060 నాటి శాసనం మరొకటి ఉంది, నన్నయ కాలం నాటిది. అది తెలుగే, కానీ ఇవాళ బస్తర్ అంచున భోపాలపట్నంలోనో కోంటాలోనో తెలుగు మాట్లాడేవాళ్లను ఆ రాయి ముందు నిలబెట్టి చదవమంటే తెల్లమొహం వేస్తారు. చదివి చెప్పడానికి రాయ్ బహద్దూర్ హీరాలాల్ లాంటి పురాలిపి పండితులు కావలసి వచ్చింది.

శాసనం పాతబడితే చరిత్రకారుడికి పని దొరుకుతుంది. వారం వారం గొంతెత్తి చదివే మతగ్రంథం పాతబడితే చిక్కు వేరు. ఈ చిక్కును ఇంగ్లీషువాళ్లు బాగా చర్చించుకున్నారు. కింగ్ జేమ్స్ బైబిల్ 1611లో అచ్చయింది. నాలుగు వందల ఏళ్లు దాటినా కొన్ని చర్చిల్లో అదే ప్రమాణం. 1952లో వెలువడిన రివైజ్డ్ స్టాండర్డ్ వెర్షన్ ముందుమాట ఒక లెక్క చెప్పింది: పాత అనువాదంలో మూడు వందలకు పైగా మాటలు ఇప్పటి వాడుక కంటే బాగా వేరైన అర్థంలో ఉన్నాయట.

అక్కడ ‘ప్రివెంట్’ అంటే ఆపడం కాదు, ముందుగా వెళ్లడం. ‘కాన్వర్సేషన్’ అంటే సంభాషణ కాదు, నడవడి. అపొస్తలుల కార్యాల్లో పౌలు బృందం ‘క్యారేజీలు’ ఎత్తుకుని బయలుదేరుతుంది. అవి బండ్లు కావు, మూటాముల్లె. ‘లెట్’ అనే మాటకు అనుమతించడం అనే అర్థంతో పాటు అడ్డుకోవడం అనే అర్థం కూడా అప్పట్లో ఉండేది. ఆ రెండో అర్థం ఇంగ్లీషు వాడుకలోంచి దాదాపు పోయింది గానీ భారతీయ పాస్‌పోర్టు లోపలి పేజీలో, రాష్ట్రపతి పేరిట ఉన్న విన్నపంలో, ఇంకా బతికే ఉంది. ఎంతమంది గమనించారో!

పూర్తిగా తెలియని మాట ఎదురైతే చదువరి ఆగుతాడు, పక్కవాణ్ణి అడుగుతాడు, నిఘంటువు తీస్తాడు. తెలిసిన మాటే తెలియని అర్థంలో ఉంటే ఆగడు. అర్థమైందనుకుని ముందుకు పోతాడు. పాత అనువాదాలతో వచ్చే అసలు ఇబ్బంది ఈ రెండో రకానిది. ‘పాతమాటలు కష్టం’ అని ఫిర్యాదు చేసేవారి కంటే ‘మాకు అన్నీ అర్థమవుతున్నాయి’ అనేవారి గురించే ఎక్కువ ఆలోచించాలి.

తెలుగు బైబిల్ కథా పొడుగైనదే. జర్మన్ మిషనరీ బెంజమిన్ షుల్జ్ 1720ల చివర మద్రాసులో తెలుగు చేయడం మొదలుపెట్టాడు. ఆ అనువాదం అచ్చు మొహం చూడలేదు. 1805లో విశాఖపట్నం చేరిన క్రాన్, డెస్ గ్రాంజ్ అనే ఇద్దరు లండన్ మిషనరీలు ఆనందరాయర్ అనే బ్రాహ్మణ క్రైస్తవుడి సాయంతో మళ్లీ పని ఎత్తుకున్నారు. ఇద్దరూ ఐదారేళ్లలోనే కన్నుమూశారు. 1818లో ప్రిచెట్ చేసిన కొత్త నిబంధన మద్రాసులో అచ్చయింది. ఆ తర్వాత ఎందరో దిద్దగా దిద్దగా స్థిరపడిన పాఠాన్నే నేటికీ ఎక్కువ ప్రొటెస్టెంట్ చర్చిల్లో ‘పరిశుద్ధ గ్రంథము’గా చదువుతున్నారు.

ఆ దిద్దుబాట్ల కాలమే చిన్నయసూరి వ్యాకరణం బడుల్లో రాజ్యమేలిన కాలం. గిడుగు రామమూర్తి వాడుకభాష కోసం గొంతెత్తేసరికి బైబిల్ తెలుగు ఒక రూపుకు వచ్చేసింది. పర్లాకిమిడి పరిసరాల్లో సవరల భాష నేర్చి, వారికోసం పుస్తకాలు రాసిన మనిషి గిడుగు. అడవిలో మాట్లాడే మాటను గౌరవించినవాడికి ఊళ్లో మాట్లాడే మాట మీద చిన్నచూపు ఎలా ఉంటుంది? ఇరవయ్యో శతాబ్దం గడిచేకొద్దీ పత్రికలు, కథలు, పాఠ్యపుస్తకాలు ఒక్కొక్కటీ వాడుకభాషకు మళ్లాయి. బైబిల్ మాత్రం ‘చెప్పెను, వెళ్లెను’ దగ్గరే ఉండిపోయింది. క్రియల వల్ల పెద్ద నష్టం లేదు, వాటిని పిల్లలు కూడా పట్టేస్తారు. మాటలతోనే పేచీ.

‘శోధన’ తీసుకోండి. ప్రభువు ప్రార్థనలో ఈ మాట ఉంది. అక్కడ దానర్థం ప్రలోభం, పరీక్షకు గురికావడం. ఇప్పటి తెలుగులో శోధన అంటే వెతకడం. అంతర్జాలంలో వెతికిపెట్టే యంత్రాన్ని శోధన యంత్రం అంటున్నాం. చర్చిలో పెరిగిన పిల్లకు రెండర్థాలూ వేర్వేరు గూళ్లలో ఉంటాయి. బయటినుంచి మొదటిసారి చదివేవాళ్లకు ఒక్కటే ఉంటుంది. ‘నీతి’ అంతకంటే చిక్కు. పాత పాఠంలో దేవుడి ఎదుట నిర్దోషిగా నిలవడం దాని భావం. వాడుకలో నీతి అంటే లంచం తీసుకోకపోవడం, లేదా కథ చివర మాస్టారు అడిగే ప్రశ్న. ‘రక్షణ’ అంటే చర్చిలో పాపవిమోచన, బయట మంత్రివర్గంలో ఒక శాఖ.

బస్తర్‌కు వచ్చేసరికి ‘సంఘం’ అనే మాట ప్రత్యేకంగా నిలుస్తుంది. తెలుగు బైబిల్లో సంఘమంటే విశ్వాసుల సమూహం, చర్చి. కోస్తాలో, తెలంగాణలో అదే మాటను కుల సంఘానికీ, కార్మిక సంఘానికీ, పొదుపు చేసుకునే మహిళా సంఘానికీ వాడతారు. 1980 ప్రాంతంలో గోదావరి దాటి బస్తర్ అడవుల్లోకి వెళ్లిన నక్సలైట్ దళాలతో పాటు ఈ మాటా వెళ్లింది. ఊరిస్థాయిలో వారి నిర్మాణానికి సంఘం అనే పేరు స్థిరపడింది. బస్తర్ హిందీ పత్రికల్లో, పోలీసు ప్రకటనల్లో ‘సంఘమ్ సదస్య’ అని రాస్తారు. హిందీ మాటైతే ‘సంఘ్’ అవ్వాలి. చివరి ‘మ్’ అది తెలుగు దారిన వచ్చిందని పట్టిచ్చే గుర్తు. సుక్మా, బీజాపూర్ జిల్లాల్లో ‘నేను సంఘంలో ఉన్నాను’ అనే మాట పూజకు సంబంధించిందా, పోలీసుకు సంబంధించిందా అన్నది వినేవాణ్ణి బట్టి మారిపోయిన కాలం ఒకటి నడిచింది. ఏ అనువాదకుడూ ముందుగా ఊహించగల మార్పు కాదిది.

అయితే కాలం అన్నిచోట్లా ఒకే వేగంతో నడవదు. దీపాన్ని ఏదో ఒక పాత్ర కింద మూసిపెట్టే పోలిక సువార్తల్లో ఉంది. పాత తెలుగులో ఆ పాత్ర ‘కుంచము’. మెట్రిక్ కొలతలు వచ్చాక కుంచం, మానిక, తవ్వ, సోల తరాలవారీగా కనుమరుగయ్యాయి. హైదరాబాదు పిల్లవాడికి కుంచం అంటే రంగులు పూసే కుంచె గుర్తొస్తే తప్పు పట్టలేం. అదే బస్తర్ సంతల్లో ఇప్పప్పువ్వునో బియ్యాన్నో పైలీలతో, సోలీలతో కొలిచి అమ్మడం పోలేదు. కింద పెట్టి మూస్తే దీపం ఎలా ఆరిపోతుందో అక్కడ కొలపాత్ర చేతిలో ఉన్నవాళ్లకు విడమరచి చెప్పనక్కర్లేదు. బాప్తిస్మమిచ్చే యోహాను మాటల్లోని ‘చేట’ కూడా అంతే. ‘తిరుగటిరాయి’ అంతే. సంతకు వచ్చిన సరుకు మీద రుసుం వసూలు చేసే మనిషిని చూసినవాడికి ‘సుంకరి’ మీద ఊరివాళ్లకు కోపం ఎందుకుండేదో ఇట్టే అర్థమవుతుంది. మిగతా తెలుగువాళ్లలో ఎక్కువమందికి అదొక ఇంటిపేరు.

ఇంగ్లీషు పోగొట్టుకుని తెలుగు నిలుపుకున్నది ఒకటుంది. కింగ్ జేమ్స్ బైబిల్లో ‘దౌ’ అంటే నువ్వు, ‘యి’ అంటే మీరందరు. ఆధునిక ఇంగ్లీషులో రెండింటికీ ‘యూ’ ఒక్కటే. లూకా సువార్త 22వ అధ్యాయంలో యేసు సీమోనుతో మాట్లాడుతూ, సాతాను శిష్యులందరినీ కోరుకున్నాడని బహువచనంలో అని, వెంటనే సీమోను ఒక్కడికోసం వేడుకున్నానని ఏకవచనానికి మారతాడు. ఇంగ్లీషులో కొన్ని కొత్త అనువాదాలు చదివేవాడికి ఆ మలుపు అడుగున సూచిక ఉంటే తప్ప కనిపించదు. తెలుగు చదివేవాడికి ‘మిమ్మును’ పక్కన ‘నీ’ పడగానే తెలిసిపోతుంది. కాకపోతే ఇప్పటి తెలుగులో ‘మీరు’ గౌరవానికి కూడా విరివిగా వాడుతున్నాం. ఆ అలవాటు ముదిరితే ఒక్కడితో మర్యాదగా అన్నారా, పదిమందితో అన్నారా అనే సందేహం మనకూ మొదలవుతుంది.

సులభ తెలుగులో కొత్త అనువాదాలు చాలానే వచ్చాయి. అయినా పాతది చేతిలోంచి జారలేదు. కంఠస్థం చేసిన వాక్యం పాత మాటల్లోనే నాలుక మీద ఉంటుంది; కీర్తనలు ఆ భాషలోనే ఉన్నాయి; చదువు లేని అమ్మమ్మ కూడా ప్రార్థనకు మోకరించగానే గ్రాంథికంలోకి మారిపోతుంది. ఆ తెలుగుకు చర్చి బయట వాడుక లేకపోవడమే దానికి పవిత్రత తెచ్చిపెట్టింది. దీన్ని మౌఢ్యమని కొట్టిపారేయడం తొందరపాటు. పాతదాన్ని ఉంచి, మారిన మాటల దగ్గర అడుగున ఒక చిన్న వివరణ వేస్తే సగం సమస్య పోతుంది. అంత చిన్న పని గురించి ఎక్కువమంది ఆలోచించకపోవడమే వింత.

పాత అనువాదాల కథ తెలుగుతోనే ఆగదు. కోంటాకు పడమరన గోదావరి ఒడ్డున దుమ్ముగూడెం ఉంది. 1860 ప్రాంతంలో నదిపై పడవల దారి కోసం పనిచేసిన ఇంజినీరు హేగ్ చొరవతో అక్కడ మిషన్ మొదలైంది. తర్వాత దశాబ్దాలపాటు ఉన్న జాన్ కెయిన్ కోయల మధ్య పనిచేసి, వారి భాష గురించి రాశాడు. లూకా సువార్త ఆ రోజుల్లోనే తెలుగు లిపిలో కోయభాషకు ఎక్కింది. గ్రియర్సన్ భారత భాషల సర్వే కూడా ప్రతి భాషకూ నమూనాగా లూకాలోని తప్పిపోయిన కుమారుడి కథనే చెప్పించి రాయించింది. బస్తర్ రాజ్యంలో అందరినీ కలిపే భాషగా నడిచిన హల్బీకీ అందులో చోటు దక్కింది. ఆ నమూనాలను నేటి యాసతో పోలిస్తే నూరేళ్లలో భాష ఎంత కదిలిందో కొలవొచ్చు.

కోయకు కదలిక ఒక్కటే కాదు, చీలిక కూడా ఉంది. బస్తర్ దక్షిణాన ఈ భాష మాట్లాడేవారిని దోర్లలంటారు. కోంటాలో దోర్ల పిల్లవాడు హిందీ బడికి పోయి నాగరి నేర్చుకుంటాడు. శబరి అవతల మల్కన్‌గిరిలో వాడి బంధువు ఒడియా లిపి దిద్దుతాడు, భద్రాచలం వైపు మేనత్త పిల్లలు తెలుగు. 2011 జనగణనలో గోండీ తమ మాతృభాష అని చెప్పినవారు దాదాపు 30 లక్షలు, కోయ అని చెప్పినవారు నాలుగు లక్షల పైచిలుకు. గోండీ కూడా ఇలాగే రాష్ట్రానికో లిపిలో రాస్తున్నారు. ఆరు రాష్ట్రాల గోండులు కలిసి కూర్చుని సుమారు 3,000 మాటలతో ఒక ఉమ్మడి నిఘంటువు తెచ్చుకున్నది 2018లో. తెలుగు లిపిలోని ఆ పాత కోయ లూకాను కోంటా కుర్రవాడి ముందు పెడితే, మాటల దాకా వెళ్లకుండానే, మొదటి అక్షరం దగ్గరే ఆగిపోతాడు. ఎవరైనా చదివి వినిపిస్తే మాత్రం, ఇంట్లో మాటే కాబట్టి, చాలావరకు పోల్చుకోగలుగుతాడు.