ఒక డిస్క్ చెడిపోయినా కొల్లేరు బొమ్మ ఎందుకు పోదు?

కొల్లేరులో నీరు ఎంత మేర ఉంది? చేపల చెరువులు ఎక్కడిదాకా వచ్చాయి? గట్టు మీద నిలబడి చూస్తే తెలియదు. పైనుంచి ఉపగ్రహం చూసి చెబుతుంది. మన ఐఆర్ఎస్-1ఏ ఉపగ్రహం 1988లో నింగికెక్కింది. మన ఉపగ్రహాలు తీసే చిత్రాలు హైదరాబాద్ దగ్గరి షాద్‌నగర్ కేంద్రానికి చేరుతాయి. ఏళ్ల తరబడి పోగయ్యే ఆ రాశి ఒక్క హార్డ్ డిస్కులో పట్టదు. పట్టినా, నిమిషానికి 7,200 సార్లు గిర్రున తిరిగే దానిలోని పళ్లెం ఏదో ఒకనాడు ఆగిపోతుంది.

అందుకే డిస్కులను జట్టు కడతారు. దీన్ని రెయిడ్ అంటారు. అమెరికాలోని బర్క్‌లీ పరిశోధకులు ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ 1988లోనే దీన్ని వివరించారు.

ఇందులోని కిటుకు ఎంత అందమైనదో చూడండి. మూడు డిస్కుల్లో 1, 0, 1 ఉన్నాయనుకుందాం. నాలుగోదానిలో ఏం రాయాలి? నాలుగింటిలో కలిపి ఒకట్లు సరిసంఖ్యలో ఉండాలి. ఇప్పటికే రెండున్నాయి కనుక 0. ఇప్పుడు మొదటి డిస్క్ చెడింది. మిగిలినవి 0, 1, 0. ఒకటి ఒక్కటే ఉంది, అంటే బేసి. కాబట్టి పోయింది 1! కాగితం మీద రెండో డిస్కును కొట్టేసి మీరే తేల్చండి. కంప్యూటర్ ఇలాగే కోట్ల అంకెలను రాబట్టి కొత్త డిస్కులో నింపుతుంది.

ఈ లెక్కలో రెండు డిస్కులు ఒకేసారి పోతే మాత్రం ఏమీ తేలదు. ఈ డిస్కుల జట్టు ఏలూరులో ఒక గదిలో ఉందనుకుందాం. తమ్మిలేరు వాగు పొంగి ఆ గది మునిగితే జట్టంతా పోతుంది. అందుకే తాడేపల్లిగూడెంలోనో ఇంకెక్కడో మరో నకలు ఉండాలి. మీ ఇంటి ఫొటోలకూ ఒక నకలు ఇవాళే వేరేచోట దాచండి.