పదిహేను డాలర్ల రికార్డు

1953 జనవరి 22. బోస్టన్‌లోని ఒక స్టూడియోలో హార్వర్డ్ లెక్కల విద్యార్థి ఒకడు పియానో ముందు కూర్చుని, తను రాసి వరస కట్టిన పన్నెండు పాటల్ని గంటసేపట్లో పాడేశాడు. స్టూడియోకి కట్టింది 15 డాలర్లు. మొదట వేయించింది 400 కాపీలు. టామ్ లేరర్‌కి అప్పటికి ఇరవై నాలుగేళ్ళు. స్నేహితుల మధ్య పాడుకునే పాటలు వాళ్ళు కొనుక్కుంటే చాలనుకున్నాడు.

నేను డిగ్రీ కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ణి. ఈ రికార్డు మొత్తం వినడానికి అరగంట కూడా పట్టదు. హాస్యం రాయాలనుకునే మా కుర్రాళ్ళందరికీ దీన్నే వినమంటాను. కారణం, లేరర్ గొంతులో ఎక్కడా వెకిలితనం ఉండదు. రాగం అమాయకంగా సాగిపోతుంది, మాట మాత్రం దారుణం చెబుతుంది. చేతిలో చెయ్యి వేసుకుని పాడే ప్రేమగీతం ఒకటుంది. రెండో చరణం వచ్చాక గాని ఆ చెయ్యికి మనిషి లేదని మనకు తెలియదు! పశ్చిమాన ఎడారిలో బతకాలని కలగనే కౌబాయ్ పాట ఇంకొకటి. ఆ ఎడారిలో అప్పుడు జరుగుతున్నవి అణుబాంబు పరీక్షలు. లాస్ అలమోస్ అణు పరిశోధనశాలలో పనిచేసి వచ్చిన మనిషి రాశాడు కాబట్టి ఆ పాటలో భయం ఊహించి పెట్టింది కాదు.

అంత్యప్రాస ఆయన చేతిలో గొప్ప పనిముట్టు. మొదటి పాదం వినగానే రెండో పాదం చివర ఏ మాట పడుతుందో మన చెవి ముందే ఊహిస్తుంది. ఆయన ఆ మాట రానివ్వడు. అంతకన్నా బాగా అతికే, అంతకన్నా ఘోరమైన మాట ఒకటి తెచ్చి పెడతాడు. నవ్వు అక్కడ పుడుతుంది.

నాకు ప్రాణమైన పాట ‘లొబచెవ్‌స్కీ’. ఇతరుల పరిశోధన ఎత్తిరాసి పైకొచ్చిన గణితజ్ఞుడు రష్యన్ యాసలో తన కథ తనే గర్వంగా చెప్పుకుంటాడు. నిజం లొబచెవ్‌స్కీ యూక్లిడ్‌ని దాటి కొత్త జ్యామితి కట్టిన మహానుభావుడు, అలాంటి మచ్చ లేనివాడు. పేరు పలకడానికి బాగుందనే వాడుకున్నానని లేరర్ కూడా చెప్పాడు. థీసిస్‌ల కాలంలో బతికిన ఏ అధ్యాపకుడికైనా ఈ పాట గుండెల్లో తగులుతుంది. హార్వర్డ్ ఫుట్‌బాల్ పాట మాత్రం ఆ వాతావరణం తెలియని మనకు అంతగా పట్టదు.

రేడియోవాళ్ళు ఈ పాటల జోలికి రాలేదు. ఇంగ్లండులో బీబీసీ చాలావాటిని ప్రసారం చేయనివ్వలేదు. అయినా సెలవులకు ఇళ్ళకు వెళ్ళిన విద్యార్థులు రికార్డును వెంట తీసుకెళ్ళారు. ఊరూరి నుంచీ ఉత్తరాల మీద ఆర్డర్లు వచ్చాయి. ఏ కంపెనీ అండా లేకుండా, నోటిమాటతోనే లక్షల కాపీలకు చేరింది. అంత పేరొచ్చాక కూడా ఆయన వేదికల మీద ఎక్కువకాలం నిలవలేదు. 1972 నుంచి కాలిఫోర్నియాలోని శాంటాక్రూజ్‌లో పాఠాలు చెప్పుకున్నాడు. అది నాకు మరీ ఇష్టం.

2020లో తన సాహిత్యం మీద, 2022లో సంగీతం, రికార్డింగుల మీద కూడా హక్కులన్నీ వదిలేశాడు. ఎవరైనా పాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు. 2025 జులైలో, 97 ఏళ్ళ వయసులో కన్నుమూశాడు.

హక్కులు వదిలేసి ఆయనిచ్చిన అనుమతిని తెలుగువాళ్ళు వాడుకోవాలని నా కోరిక. ‘ఐరిష్ బాలడ్’తో మొదలుపెట్టొచ్చు. ఇంట్లోవాళ్ళను ఒక్కొక్కరినే చంపేసిన పిల్ల, పోలీసులు అడిగితే అబద్ధమాడటం పాపమని నిజం ఒప్పేసుకుంటుంది. ప్రతి చరణంలోనూ అర్థంలేని చిందుమాట ఒకటి తిరిగి తిరిగి వస్తుంది. బుర్రకథలో వంతలు అందుకునే ‘తందాన తాన’ అచ్చంగా ఆ చోట కూర్చుంటుంది. కథకుడు ఒక్కో హత్యా చెప్పి ఆగాలి, వంతలు హుషారుగా అందుకోవాలి. రాసేవాళ్ళుంటే వరస కట్టి ఇవ్వడానికి మా ఊళ్ళో కళాకారులు ఇంకా ఉన్నారు.