సిక్సర్ లేని ఇన్నింగ్స్

మిర్చి సీజనులో గుంటూరు యార్డుకు సరుకు తెచ్చే రైతులందరికీ ఇది అనుభవమే. ఏడాది కష్టమంతా టిక్కీల్లో కూరి ఉంటుంది. కొనేవాడు వచ్చి గుప్పెడు కాయలు తీసి, రంగు చూసి, తేమ చూసి, నిమిషం తిరక్కుండా ధర చెప్పేస్తాడు. క్రికెట్ ఆటగాళ్లను కొనే ఐపీఎల్ వేలం కూడా దాదాపు ఇలాగే సాగుతుంది. పదేళ్లు, పన్నెండేళ్లు ఎండలో చేసిన సాధనకు ఒక సుత్తి దెబ్బతో వెల కడతారు.

2022 డిసెంబరు 23న కొచ్చిలో జరిగిన వేలంలో మన గుంటూరు కుర్రాడు షేక్ రషీద్‌కు కట్టిన వెల 20 లక్షల రూపాయలు. కొన్నది చెన్నై సూపర్ కింగ్స్. సామాన్య కుటుంబానికి 20 లక్షలంటే చిన్న మొత్తం కాదు. కాని ఆ వేలంలో అంతకన్నా తక్కువకు ఎవరినీ కొనడానికి వీల్లేదు. అది అట్టడుగు ధర. అదే రోజు ఇంగ్లండు ఆటగాడు శామ్ కరన్‌ను పంజాబ్ జట్టు 18.5 కోట్లకు కొన్నది. రెండేళ్ల తర్వాత, 2024 నవంబరులో, మన ఇళ్లలో హజ్ యాత్రికులు దిగే ఊరుగా అందరికీ తెలిసిన జెద్దాలో మళ్లీ వేలం పెట్టారు. ఈసారి కనీస ధర 30 లక్షలు. చెన్నై జట్టే రషీద్‌ను మళ్లీ తీసుకున్నది, సరిగ్గా ఆ 30 లక్షలకే. అంటే రెండుసార్లూ అతడు చివరి మెట్టు మీదనే నిలబడ్డాడు.

ఎందుకని? ఆట రానందువల్ల కాదు. ఇరవై ఓవర్ల క్రికెట్‌లో బజారు ఉన్నది బంతిని గ్యాలరీలోకి విసిరికొట్టేవారికి. రషీద్ కండబలం చూపే బ్యాట్స్‌మన్ కాడు. బంతి వచ్చే వేగాన్నే వాడుకుని, ఫీల్డర్ల మధ్య సందు చూసి, నేలమీదుగా పంపే రకం. క్రికెట్ పొట్టివాళ్లకు, బక్కవాళ్లకు ఏనాడూ తలుపు మూయలేదన్నది నిజం. గవాస్కర్, టెండూల్కర్ ఇద్దరూ ఐదడుగుల ఐదంగుళాల మనుషులే. గుండప్ప విశ్వనాథ్‌దీ పొట్టి విగ్రహమే. అయితే వాళ్లు పేరు తెచ్చుకున్నది ఐదురోజుల ఆటలో, యాభై ఓవర్ల ఆటలో. నిలబడి ఆడటానికి అక్కడ వ్యవధి ఉంటుంది. ఇరవై ఓవర్ల లీగులో ఆ వ్యవధి లేదు. బలంలో, ధరలో చిన్నవాడుగా లెక్కకు వచ్చిన ఒక కుర్రాడు అక్కడ ఏ దారిన నిలబడ్డాడు, ఎంతవరకు నిలబడ్డాడు అన్నదే ఇక్కడ మేము చెప్పదలచుకున్న విషయం.

రషీద్ 2004 సెప్టెంబరు 24న పుట్టాడు. 2022లో పేరు వచ్చిన తర్వాత పత్రికలన్నీ ఆ కుటుంబం కథ రాశాయి. కొడుకును సాధనకు తీసుకుపోవడం, తీసుకురావడం వల్ల పనికి ఆలస్యంగా వెళ్లి తండ్రి ఉద్యోగం పోగొట్టుకున్నారని, తోలు బంతులు కొనే స్తోమతు లేక చవక రకం సింథటిక్ బంతులు విసిరి తానే ప్రాక్టీసు చేయించారని అందులో వచ్చింది. ఆంధ్ర క్రికెట్ సంఘం అకాడమీ మంగళగిరిలో ఉంది. గుంటూరు నుంచి ఇరవై కిలోమీటర్ల దూరం. పోనురాను నలభై. రోజూ ఆ దారి తొక్కడమంటే పెట్రోలు ఒక ఖర్చు, పోయిన పనిగంటలు ఇంకో ఖర్చు.

ఇటువంటి కథలను త్యాగగాథలుగా రాసి కన్నీళ్లు తెప్పించడం పత్రికలకు అలవాటు. మాకు మాత్రం వేరే సందేహం వస్తుంది. సంపాదించే మనిషి ఉద్యోగం పోయిన నెలల్లో ఆ ఇంట్లోకి బియ్యం, నూనె ఎలా వచ్చాయి? ఆ కుటుంబపు లెక్కలు మనకెందుకు అనవచ్చు. కాని చిలకలూరిపేటలోనో, మార్టూరులోనో, ఒంగోలులోనో కూర్చుని 'మా వాడు కూడా బాగా ఆడతాడు' అనుకునే తండ్రి ముందుగా వేసుకోవలసిన లెక్క అదే. ఇంగ్లిష్ విల్లో బ్యాటు ధర వేలల్లో ఉంటుంది. ప్యాడ్లు, గ్లవ్స్, హెల్మెట్ వేరు. పిల్లవాడు ఎదుగుతున్న కొద్దీ అవన్నీ మళ్లీ కొనాలి. మిర్చి తొడిమలు తీసే కూలి మీదనో, జిన్నింగు మిల్లు జీతం మీదనో నడిచే ఇల్లు దాన్ని ఎన్నాళ్లు మోయగలదు?

గుంటూరు గడ్డకు క్రికెట్ కొత్తేమీ కాదు. భారత జట్టు వికెట్‌కీపర్‌గా ఆడి, తర్వాత జాతీయ సెలెక్షన్ కమిటీకి అధ్యక్షుడైన ఎమ్మెస్కే ప్రసాద్ గుంటూరు పక్కన మేడికొండూరువాడు. అంబటి రాయుడు పుట్టింది గుంటూరులోనే. తమాషా ఏమంటే, రషీద్ చెన్నై జట్టులో చేరిన మొదటి ఏడాదే, 2023 మే నెలాఖరులో, అదే జట్టు కప్పు గెలిచిన ఫైనల్‌తో రాయుడు ఐపీఎల్‌కు సెలవు చెప్పాడు. ఒక గుంటూరువాడు చివరి మ్యాచ్ ఆడుతుంటే, ఇంకో గుంటూరువాడు మొదటి మ్యాచ్ కోసం అదే బృందంలో కాచుకుని ఉన్నాడు.

రషీద్ పేరు దేశానికి తెలిసింది అండర్-19 జట్టుతో. 2021 డిసెంబరులో షార్జాలో ఆసియా కప్ సెమీఫైనల్ జరిగితే బంగ్లాదేశ్ మీద 90 పరుగులు చేసి నాటౌట్‌గా మిగిలాడు. తర్వాతి నెల వెస్టిండీస్‌లో ప్రపంచకప్. అతడు వైస్ కెప్టెన్. పోటీలు మొదలైన కొద్ది రోజులకే కోవిడ్ వచ్చి జట్టులో కెప్టెన్ యశ్ ధుల్, రషీద్, ఇంకా కొందరు గదులకు పరిమితమయ్యారు. ఐర్లండు, ఉగాండా మ్యాచ్‌లు వీళ్లు లేకుండానే జరిగాయి. కోలుకుని వచ్చాక 2022 ఫిబ్రవరి 2న ఆస్ట్రేలియాతో సెమీఫైనల్. 37 పరుగులకు రెండు వికెట్లు పోయిన దశలో ధుల్, రషీద్ కలిసి 204 పరుగులు జోడించారు. ధుల్ 110 కొట్టాడు. రషీద్ సెంచరీకి ఆరు పరుగుల దూరంలో, 94 వద్ద అవుటయ్యాడు. మ్యాచ్ 96 పరుగుల తేడాతో మనదయింది.

మూడు రోజులకు ఇంగ్లండుతో ఫైనల్. వాళ్లు 189కి ఆలౌట్. చిన్న లక్ష్యమే అనుకుంటుండగా మన ఓపెనర్ ఒకడు సున్నాకే వెనుదిరిగాడు, జట్టు స్కోరు కూడా సున్నాయే. అప్పుడు వచ్చిన రషీద్ 84 బంతులాడి 50 పరుగులు చేశాడు. ఈ అంకెను పాఠకులు కాస్త గుర్తుంచుకోవాలి. 84 బంతులకు 50! ఆ రోజు జట్టుకు కావలసింది అదే. నాలుగు వికెట్ల తేడాతో కప్పు వచ్చింది. భారత క్రికెట్ బోర్డు ఒక్కొక్క ఆటగాడికి 40 లక్షలు ఇచ్చింది. అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్మోహన్‌రెడ్డి రషీద్‌కు 10 లక్షలు, గుంటూరులో ఇంటిస్థలం ప్రకటించారు.

కప్పు గెలిచిన వారం తిరిగేసరికి ఐపీఎల్ వేలం వచ్చింది. తోటివాళ్లు రాజ్ బావా రెండు కోట్లకు, రాజ్‌వర్ధన్ హంగర్గేకర్ కోటిన్నరకు పోయారు. రషీద్‌కు మాత్రం ఆ వేలంలో చోటే లేదు. 19 ఏళ్లు నిండనివాడు పెద్దల స్థాయిలో కనీసం ఒక మ్యాచ్ అయినా ఆడి ఉండాలన్నది నిబంధన. అతనికి అప్పటికి 17 ఏళ్లు. అందరూ పేరు చెప్పుకుంటున్న రోజుల్లో బజారులో లేడు. బజారులోకి వచ్చేసరికి ఆ వేడి చల్లారింది. మిర్చి అమ్ముకునేవాళ్లకు దీన్ని విడమరచి చెప్పనక్కరలేదు.

తర్వాత రెండు సీజన్లు, 2023, 2024, అతడు పసుపు జెర్సీ వేసుకుని బెంచీ మీదనే కూర్చున్నాడు. ఒక్క మ్యాచ్ కూడా ఆడించలేదు. ఆడకపోయినా ఒప్పందపు సొమ్ము వస్తుంది కదా అనేవాళ్లుంటారు. వస్తుంది. కాని ఆటగాడికి ఇరవై ఏళ్ల వయసులో పోయిన రెండు సీజన్లకు వెలకట్టేదెవరు? ఆ ఖాళీలో అతనికి ఆసరాగా నిలిచింది ఆంధ్ర రంజీ జట్టు. 2024 నవంబరులో, జెద్దా వేలానికి కొద్ది రోజుల ముందు, హైదరాబాదుపై 203 పరుగులు చేశాడు. డబుల్ సెంచరీ కొట్టినా వేలంలో ధర కనీసాన్ని దాటలేదు. రంజీలో పరుగులు ఒక తూకం, ఐపీఎల్‌లో పరుగులు ఇంకో తూకం!

చివరికి 2025 ఏప్రిల్ 14న లక్నోలో పిలుపు వచ్చింది. చెన్నై అప్పటికి వరుసగా ఐదు మ్యాచ్‌లు ఓడింది. అంతకు మూడు రోజుల ముందు సొంతగడ్డ చెపాక్‌లోనే ఇరవై ఓవర్లాడి 103 పరుగులు చేసి పరువు పోగొట్టుకున్నది. ధోనీ మళ్లీ కెప్టెన్సీ చేపట్టాడు. న్యూజీలాండు ఆటగాడు కాన్వేను పక్కనపెట్టి రషీద్‌ను ఓపెనర్‌గా దింపారు. ఎదుటి జట్టు కెప్టెన్ రిషభ్ పంత్. జెద్దా వేలంలో లక్నో అతనికి కట్టిన ధర 27 కోట్లు, ఐపీఎల్ చరిత్రలో అంతకుముందు ఎవరికీ పలకని ధర. 27 కోట్లను 30 లక్షలతో భాగించి చూడండి, తొంభై రెట్లు వస్తుంది. ఆ రాత్రి పంత్ 63 పరుగులు చేశాడు. లక్నో 166 చేసింది.

ఇక రషీద్. 19 బంతుల్లో 27 పరుగులు. అందులో ఆరు ఫోర్లు. సిక్సర్ ఒక్కటీ లేదు. 27లో 24 పరుగులు బౌండరీలే. రచిన్ రవీంద్రతో కలిసి ఐదు ఓవర్లు పూర్తికాక ముందే 52 పరుగులు జోడించి అవుటయ్యాడు. తర్వాత తడబడినా, శివమ్ దూబే, ధోనీ నిలబడి మూడు బంతులు మిగిలి ఉండగా గెలిపించారు. ఈ కుర్రాడు కొన్నేళ్లుగా మాతోనే ఉన్నాడు, నెట్స్‌లో బాగా మెరుగయ్యాడు, అసలు సిసలు క్రికెట్ షాట్లతోనే పైచేయి సాధించగలడు అనే అర్థంలో ధోనీ మ్యాచ్ తర్వాత మెచ్చుకున్నాడు.

ఇక్కడ ఆటలోని కిటుకు కొంచెం చెప్పాలి. ఇరవై ఓవర్ల మ్యాచ్‌లో మొదటి ఆరు ఓవర్లు పవర్‌ప్లే. ముప్ఫై గజాల వలయం బయట ఇద్దరు ఫీల్డర్లకు మించి ఉండకూడదు. కొత్త బంతి గట్టిగా ఉంటుంది, వేగంగా వస్తుంది. దాన్ని బ్యాటు మధ్యలో తగిలించి సందులోకి తిప్పితే చాలు, అడ్డుకునే మనిషి ఉండడు. కండలు లేనివాడికి ఇరవై ఓవర్ల ఆటలో అనుకూలమైన సమయం అదే. ఏడో ఓవరు నుంచి ఐదుగురిని గీత దగ్గర నిలబెట్టుకోవచ్చు. అప్పటిదాకా నాలుగు తెచ్చిన అదే షాట్‌కు ఒక్క పరుగే వస్తుంది. ఇక గాలిలో కొట్టక తప్పదు. 84 బంతులకు 50 చేసి ప్రపంచకప్ తెచ్చిన బ్యాట్స్‌మన్‌కు అసలు పరీక్ష ఆ ఏడో ఓవరు తర్వాతనే.

ఆ పరీక్షలో ఫలితం అంత బాగా రాలేదు. ముంబయిపై 20 బంతులకు 19. హైదరాబాదు సన్‌రైజర్స్‌తో మొదటి బంతికే షమీ చేతిలో సున్నా. పంజాబ్‌పై 11, బెంగళూరుపై 14. మొత్తం ఐదు మ్యాచ్‌లు, 71 పరుగులు. ఆ నాలుగు మ్యాచ్‌లూ చెన్నై ఓడింది, సీజను చివర పట్టికలో అట్టడుగున మిగిలింది. ఓడే జట్టులో కొత్తవాడికి ఓపికగా అవకాశాలివ్వరు. పైగా అదే ఏప్రిల్‌లో 14 ఏళ్ల వైభవ్ సూర్యవంశీ రాజస్థాన్ తరఫున ఎదుర్కొన్న మొదటి బంతినే సిక్సర్ కొట్టి, తొమ్మిది రోజులకు 35 బంతుల్లో సెంచరీ చేశాడు. చెన్నై జట్టులోనే 17 ఏళ్ల ఆయుష్ మాత్రే వచ్చీ రాగానే 15 బంతుల్లో 32 బాదాడు. ఫోర్లతో నెట్టుకొచ్చేవాడికి ఇది ఎంత గడ్డు కాలమో చూడండి. ఐదు మ్యాచ్‌లు చూసి ఒకరి ఆటను తేల్చేయడం మాత్రం మాకు సబబుగా తోచదు. లక్నోలో పనికివచ్చిన పద్ధతి నెల తిరక్కుండా పనికిరాకుండా పోతుందా?

ఇంటి లెక్కలు చూసేవారికి ఒక మాట. 2025 నుంచి ఆడిన ప్రతి మ్యాచ్‌కు ఒప్పందం మీద అదనంగా ఏడున్నర లక్షలు ఇవ్వాలని క్రికెట్ బోర్డు నిర్ణయించింది. ఆ లెక్కన ఐదు మ్యాచ్‌లకు ముప్ఫై ఏడున్నర లక్షలు. అంటే వేలంలో కట్టిన ధరకన్నా మైదానంలో ఆడి సంపాదించింది ఎక్కువ.

2025 నవంబరులో చెన్నై సూపర్ కింగ్స్ రషీద్‌ను వదులుకున్నది. రవీంద్ర, కాన్వే, పతిరానా వంటి పేరున్న విదేశీయులు కూడా అదే జాబితాలో ఉన్నారు. అప్పటికి అతనికి 21 ఏళ్లు. ఆంధ్ర జట్టుకు అప్పుడు రంజీ సీజను నడుస్తూ ఉండింది. అక్కడ పవర్‌ప్లే ఉండదు, రోజంతా బ్యాటింగ్ చేసుకోవచ్చు.