అమీర్‌పేటలో ఇంటర్వెల్!

సినిమాకి ఇంటర్వెల్ ఎవరిస్తారు? దర్శకుడంటారు మీరు. కాదు, ఎడిటరంటారు మీ పక్కవారు. మా వదిన చూసే సినిమాలకు మాత్రం ఇంటర్వెల్ ఇచ్చేది హైదరాబాద్ మెట్రో! అదీ సరిగ్గా అమీర్‌పేట స్టేషన్లో!

కథ మొదటినుంచీ చెప్తాను. మా ఇల్లు దిల్‌సుఖ్‌నగర్. వదిన ఉద్యోగం రాయదుర్గం దగ్గర ఓ సాఫ్ట్‌వేర్ కంపెనీలో. పెళ్ళయిన కొత్తలో రెండు బస్సులు మారి వెళ్ళేది. వాన పడితే ఇల్లు చేరేసరికి రాత్రి తొమ్మిదిన్నర. 2019 నవంబరులో మెట్రో రాయదుర్గం దాకా వచ్చాక ప్రాణం కుదుటపడింది. ఇక్కడ ఎర్ర లైను బండెక్కి, అమీర్‌పేటలో దిగి నీలం లైను అందుకుంటే, నడకతో కలిపి గంట పైచిలుకు. ఆ సుఖం నాలుగు నెలలే! 2020 మార్చి 22న మెట్రో ఆగింది. సినిమా హాళ్ళకు అప్పటికే తాళాలు పడ్డాయి. వదిన ఆఫీసు మా డైనింగ్ టేబుల్ మీదికొచ్చింది.

"అదృష్టవంతురాలివి వదినా! నాలాగే ఇంట్లో కూచుని హాయిగా పని చేసుకోవచ్చు" అన్నాను.

వదిన నవ్వి ఊరుకుంది. అప్పుడు నాకర్థం కాలేదు. నేను విలేఖరిని. ఇల్లే నా ఆఫీసు. నాకో గది ఉంది, దానికో తలుపుంది. పదకొండింటికి ఆ తలుపు తోసుకుని టీ వస్తుంది. ఆ టీ ఎవరు పెడుతున్నారో ఏనాడూ ఆలోచించలేదు!

ఆ సెప్టెంబరు 5న నాని నటించిన ‘వి’ చిత్రం థియేటర్ గడప తొక్కకుండా నేరుగా అమెజాన్ ప్రైమ్‌లో విడుదలైంది. వదిన నానికి వీరాభిమాని. అందరం హాల్లో కూచున్నాం. పాపకు పాలని ఒకసారి, అమ్మకు మాత్రలని ఒకసారి, ఆఫీసు ఫోనని రెండుసార్లు... క్లైమాక్స్ వేళకి ఆవిడ వంటింట్లో ఉంది. "ఆఖరికి ఏమైంది మరిదిగారూ?" అని నన్నడిగింది.

ఇక థియేటర్ల పని అయిపోయిందన్నారు పెద్దలు. అదే డిసెంబరు 25న ‘సోలో బ్రతుకే సో బెటర్’ హాళ్ళలోకి రాగానే, మాస్కులు పెట్టుకుని మరీ జనం వెళ్ళారు! బొమ్మ కోసమేనా? ఇల్లు దాటి రెండున్నర గంటలు చీకట్లో కూచోవడం కోసం కూడా అని నాకు తర్వాత తెలిసింది.

వదిన పంపని అర్జీ

2023లో వదిన కంపెనీ, వారానికి మూడు రోజులు ఆఫీసుకి రావాలంది. ఇంట్లో పెద్ద మీటింగు! "పాప చిన్నది" అంది అమ్మ. "మినహాయింపు అడుగు" అన్నాడు అన్నయ్య. ఇంటి రచయితను కదా, మేనేజరుకి అర్జీ నేనే రాశాను. కళ్ళు చెమర్చేలా రాశాననుకోండి!

వదిన మొత్తం చదివింది. "భాష బావుంది మరిదిగారూ. కానీ ఇది మీ ముగ్గురి కోరిక. నన్నెవరూ అడగలేదు" అని కాగితం మడిచి నా చేతిలో పెట్టింది. అన్నయ్య వారం రోజులు ముభావంగా ఉన్నాడు. వదిన మాత్రం సోమవారం బాక్సు కట్టుకుని బయల్దేరింది.

ఓరోజు నాకూ మాదాపూర్లో పనిపడి ఆవిడతో బండెక్కాను. ఆడవాళ్ళ భాగంలో వదిన, కాస్త ఎడంగా నేను. చెవుల్లో ఇయర్‌ఫోన్లు, చేతిలో ఫోను. నిన్న ఆగిన సీన్ దగ్గర్నుంచి సినిమా మొదలు! అమీర్‌పేట రాగానే ఫోను బ్యాగులోకి. మెట్లు, జనం, తోపులాట. రెండో బండిలో సెకండాఫ్. సీటు దొరకలేదు, నిలబడే చూస్తోంది. ఏదో కామెడీ సీన్ కాబోలు, ఒక్కతే పకపకా నవ్వింది. మా ఇంట్లో ఆవిడ అలా నవ్వడం చూసి ఎన్నాళ్ళయిందో!

"ఈ రెండు గంటలూ నన్నెవరూ పిలవరు" అంది, దిగుతూ.

అలాగని ఆఫీసే స్వర్గం అనను. ఉద్యోగం ఇంటినుంచే కదా అని నగరం వదిలి సొంతూరు చేరినవాళ్ళకి మళ్ళీ అద్దెలు, అడ్వాన్సులు, పిల్లల బడి మార్పులు. వాళ్ళ బాధ వాళ్ళది. ఎవరికేది మేలో ఆ పని చేసేవాళ్ళని అడగాలి. మేం అడగలేదు, అదీ మా తప్పు.

ఇప్పుడు వదిన ఇంట్లో ఉండే రెండు రోజులూ నా గది, దాని తలుపుతో సహా, ఆవిడదే. పదకొండింటి టీ నేను పెడుతున్నాను. చక్కెర ఎక్కువంటుంది, అది వేరే సంగతి. ఈ వ్యాసం డైనింగ్ టేబుల్ మీదే రాస్తున్నాను. ఇప్పటికి నాలుగుసార్లు లేచాను. అదిగో, కుక్కర్ మూడో కూత వేసింది... ఉంటాను!