మథుర దాటని రికార్డులు

అర్జెంటీనాకు చెందిన ఎమిలియో స్కాటో 1985 జనవరి 17న బ్యూనస్ ఎయిర్స్‌లో హోండా గోల్డ్‌వింగ్ 1100 ఎక్కాడు. మళ్ళీ ఆ ఊరు చేరింది 1995 ఏప్రిల్ 2న. మధ్యలో తిరిగిన దూరం 7,35,000 కిలోమీటర్లు, చూసినవి రెండు వందలకు పైగా దేశాలూ ప్రాంతాలూ. మోటార్‌సైకిల్ మీద అత్యంత సుదీర్ఘ ప్రయాణమని గిన్నిస్ పుస్తకం రాసుకుంది. బయల్దేరేటప్పుడు జేబులో ఉన్నవి 306 డాలర్లు. చంద్రుడి సగటు దూరం 3,84,400 కిలోమీటర్లు. పోనూ రానూ 7,68,800. అంటే స్కాటో చంద్రుడి మీదికి వెళ్ళి, తిరుగు దారిలో ఇంకో ముప్ఫై నాలుగు వేల కిలోమీటర్లుండగా బండి ఆపేశాడన్నమాట.

అంకె చూసి నోరెళ్ళబెట్టే ముందు దాన్ని రోజులతో భాగించి చూడండి. పదేళ్ళ రెండున్నర నెలలంటే 3,700 రోజుల పైమాటే. రోజుకి 197 కిలోమీటర్లు. మా ఫరీదాబాద్ సెక్టార్లలో కుర్రాళ్ళు ఆదివారం తెల్లవారుజామున బయల్దేరి, ఢిల్లీ దాటి ముర్తల్ వెళ్ళి, వెన్న ముద్దలేసిన పరాఠాలు తిని, ఎండెక్కకముందే ఇల్లు చేరతారు. వాళ్ళు తిరిగేదీ ఇంచుమించు అంతే.

ఇంతకీ స్కాటో ఇలాంటి దూరయాత్రికుల్లో దూకుడు మనిషి. మహిళల్లో ఒంటరిగా అత్యంత దూరం వెళ్ళిన రికార్డు స్లొవేనియాకు చెందిన బెంకా పుల్కోది. 1997 నుంచి 2002 దాకా, బీఎండబ్ల్యూ ఎఫ్650 మీద, 1,80,016 కిలోమీటర్లు. పట్టిన రోజులు 2,000. సగటు తొంభై. ఇంగ్లండ్‌కి చెందిన టెడ్ సైమన్ 1973లో ట్రయంఫ్ టైగర్ 100 మీద బయల్దేరి నాలుగేళ్ళలో లక్ష కిలోమీటర్లు దాటించాడు. సగటు డెబ్భై. ఇక మన విశాఖపట్నం మనిషి భరద్వాజ్ దయాల 2006లో ఇల్లు వదిలి, పద్దెనిమిది నెలల్లో పదహారు దేశాల మీదుగా సుమారు 47 వేల కిలోమీటర్లు తిరిగొచ్చాడు. సగటు ఎనభై ఏడు.

పొద్దున్నే ఇక్కడి నుంచి మథుర రోడ్డు పట్టుకుని బయల్దేరిన మనిషి ఎనభై ఏడు కిలోమీటర్లకి మథుర కూడా చేరడు. ప్రపంచాన్ని చుట్టేసిన వాళ్ళ దినచర్య అది. దూరం పేరుతో రికార్డు పుస్తకాల్లోకెక్కిన ఈ ప్రయాణాలన్నీ నిజానికి ఆగడంలో రికార్డులని నా అభిప్రాయం. ఎంత దూరం పోయారన్నది కాదు, ఎన్నిచోట్ల ఎన్నాళ్ళు కదలకుండా కూర్చోగలిగారన్నది ఆ అంకెల వెనకున్న విశేషం. దీనికి పూర్తిగా వ్యతిరేకమైన రికార్డూ ఒకటుంది. అమెరికాలో ఐరన్ బట్ అసోసియేషన్ వాళ్ళు ఇరవై నాలుగు గంటల్లో వెయ్యి మైళ్ళు, అంటే 1,609 కిలోమీటర్లు తోలినవాళ్ళకి సర్టిఫికెట్ ఇస్తారు. దయాలకి అదే దూరం, సగటు లెక్కన, పద్దెనిమిది రోజులు పట్టింది.

పుట్టింది హర్యానాలో

దయాల బండి హీరో హోండా కరిజ్మా. 223 సీసీ, ఒక్క సిలిండరు. కాలేజీ కుర్రాళ్ళని దృష్టిలో పెట్టుకుని 2003లో మార్కెట్లోకి వదిలిన బండి. దాని మీద గుడారం, పరుపుచుట్ట, పనిముట్లు, కాగితాల కట్ట కట్టుకుని ఎడారులూ మంచూ దాటాలని తయారుచేసినవాళ్ళే అనుకుని ఉండరు. మన దేశంలో తయారైన బండి మీద ఒంటరిగా ప్రపంచాన్ని చుట్టొచ్చిన తొలి భారతీయుడిగా ఆయన పేరు చెబుతారు. ఇందులో మా వైపు వాళ్ళు మురిసిపోవాల్సిన సంగతి ఒకటుంది. అప్పట్లో హీరో హోండాకి ఉన్న ఫ్యాక్టరీలు రెండే, ధారూహేరా, గుడ్‌గావ్. రెండూ హర్యానావే. ఫరీదాబాద్ నుంచి ఆరావళి గుట్టలు దాటితే గుడ్‌గావ్. విశాఖ తీరం నుంచి ఐదు ఖండాలకి వెళ్ళిన బండి ఈ గుట్టల అవతల పుట్టిందే.

ఫరీదాబాద్‌కి సొంత బండ్ల చరిత్రా తక్కువేం కాదు. ఇక్కడి ఎస్కార్ట్స్ కంపెనీ పోలండ్ నమూనా ఎస్‌హెచ్‌ఎల్ ఎమ్11ని తెచ్చి 1960లలో రాజ్‌దూత్‌గా మార్చింది. మన పల్లెల్లో పాల క్యాన్లు మోసిన రాజ్‌దూత్ అదే. 1973లో ‘బాబీ’ సినిమాలో రిషి కపూర్ ఎక్కిన చిన్న బండీ దాని తమ్ముడే, జీటీఎస్ 175. 1983లో యమహా వాళ్ళ ఆర్‌డీ350 రాజ్‌దూత్ 350 పేరుతో వచ్చింది. వేగంలో దానికి ఆనాడు మన రోడ్ల మీద సాటి లేదు, పెట్రోలు తాగడంలోనూ లేదు. ఆ రెండో గుణం వల్ల కూడా సామాన్యుడు కొనలేదు, 1989 నాటికి దాని కథ ముగిసింది. ఇప్పుడు పాతబండ్ల పిచ్చివాళ్ళు దానికి అడిగే ధర వింటే ఆనాడు కొననివాళ్ళకి కడుపు మండుతుంది.

ఎందుకంత నెమ్మది?

ఒంటరిగా వెళ్ళేవాడికి కాపలా మనిషి ఉండడు. సరిహద్దులో లోపల క్యూలో నిలబడితే బయట బండి మీద సామాను దిక్కులేకుండా ఉంటుంది. జ్వరమొస్తే గుడారంలో పడుకోవాలి, నీళ్ళు తెచ్చిచ్చేవాళ్ళుండరు. వర్షంలో తడిసిన గుడారం ఆరేదాకా మడవకూడదు, మడిస్తే బూజు పడుతుంది. ఎండ రాని రోజు ప్రయాణమూ లేదు. వీటన్నిటికీ తోడు కాగితాలు. ఇక్కడి ఆర్టీవో ఇచ్చే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ ఏడాదికి మించి చెల్లదు. ఇరాన్, ఈజిప్ట్ లాంటి దేశాల్లోకి బండి దించాలంటే కార్నె అనే పుస్తకం కావాలి. మీ బండిని ఆ దేశంలో అమ్ముకోకుండా మళ్ళీ బయటికి తీసుకెళ్తారని ఒక వాహనదారుల సంఘం పూచీపడుతూ ఇచ్చే పత్రం అది. పూచీ ఊరికే ఇవ్వరు, పెద్ద మొత్తం డిపాజిట్ కట్టించుకుంటారు. లోపలికి వెళ్తే ఒక ముద్ర, బయటికొస్తే ఇంకో ముద్ర. ఒక్క ముద్ర తగ్గినా ఆ దేశం దిగుమతి సుంకం అడగొచ్చు. అందుకే ఇంటికొచ్చి బూట్లు విప్పినంత మాత్రాన యాత్ర అయిపోదు. బండి స్వదేశం చేరిందని కస్టమ్స్ అధికారి ముద్ర వేసి, సంఘం డిపాజిట్ వెనక్కిచ్చిన రోజున అయిపోతుంది.

ఈ బాదరబందీ లేకుండా ఫరీదాబాద్ బండి చూడగలిగిన విదేశాల్లో నేపాల్ ఒకటి. ఉత్తరాఖండ్‌లో బన్‌బసా దగ్గర దాటితే మహేంద్రనగర్. భారతీయుడికి వీసా అక్కర్లేదు, కార్నె అక్కర్లేదు. భన్సార్ కార్యాలయంలో రోజుల లెక్కన రుసుము కట్టి చీటీ రాయించుకుంటే చాలు.

జట్టుగా వెళ్తే లెక్క మారిపోతుందని చెప్పడానికి హైదరాబాద్ ఉదాహరణే ఉంది. 2018లో జై భారతి నాయకత్వంలో నలుగురు మహిళలు హైదరాబాద్ నుంచి మయన్మార్, థాయ్‌లాండ్, లావోస్, కంబోడియా, వియత్నాం చుట్టి దాదాపు 17 వేల కిలోమీటర్లు తిరిగొచ్చారు, అదీ రెండు నెలల లోపే. సగటున రోజుకి 280 కిలోమీటర్లకి తగ్గలేదు. దయాల సగటుకి మూడింతలు. ముందే ఖరారైన తేదీలున్నవాళ్ళు ఆగరు మరి.

నోరు జారి, కోపమొచ్చి

ఎందుకు బయల్దేరారని అడిగితే దొరికే జవాబులు రికార్డులకంటే సరదాగా ఉంటాయి. 1932లో లండన్‌లో ఒక విందులో, ఇంటికెప్పుడు ఓడెక్కుతున్నారని ఒకావిడ అడిగితే, అమెరికా కుర్రాడు రాబర్ట్ ఫుల్టన్ ఓడ కాదు, మోటార్‌సైకిల్ మీద ప్రపంచం చుట్టి వెళ్తానని గొప్పలకు పోయాడు. అదే బల్ల దగ్గర డగ్లస్ మోటార్‌సైకిల్ కంపెనీ మనిషి కూర్చుని ఉన్నాడు, అయితే బండి నేనిస్తానన్నాడు. ఇక వెనక్కి తగ్గడానికి దారేది? ఇండియా, చైనా, జపాన్ మీదుగా 1933 క్రిస్మస్ ముందురోజు న్యూయార్క్ చేరాడు. తర్వాత ఎగిరే కారు చేసి 1950లో ప్రభుత్వ ధ్రువీకరణ తెచ్చుకున్నాడు. నేల మీది మనిషిని విమానం తాడుతో ఎగరేసుకుపోయే స్కైహుక్ కూడా ఆయనదే. జేమ్స్‌బాండ్ ‘థండర్‌బాల్’ చివర్లో చూసే ఉంటారు.

ఫ్రాన్స్‌కి చెందిన ఆన్ ఫ్రాన్స్ దోత్‌విల్‌ది కోపం. 1972లో పారిస్ నుంచి ఇస్ఫహాన్ దాకా మగవాళ్ళ గుంపుతో వెళ్ళొస్తే, ఆమె బండిని లారీలో తెచ్చారని పుకారు పుట్టించారు. మరుసటి ఏడాది కవాసకి 125 మీద ఒక్కతే మూడు ఖండాలు తిరిగొచ్చింది. డచ్ భూగర్భ శాస్త్రవేత్త నోరాలీ 2018లో ఢిల్లీలో కొన్న రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్‌కి బసంతి అని పేరు పెట్టి, మరుసటి ఏడాదికి దాన్ని తన దేశం దాకా తోలుకెళ్ళింది. ‘షోలే’ చూసినవాళ్ళకి ఆ పేరు గురించి నేను చెప్పక్కర్లేదు.

తిరిగొచ్చాక ఏమవుతుందన్నది మాత్రం ఏ రికార్డు పుస్తకంలోనూ నమోదు కాదు. ఎల్స్‌పెత్ బియర్డ్ 1982లో, ఇరవై మూడేళ్ళప్పుడు, పాత బీఎండబ్ల్యూ ఆర్60 మీద లండన్ వదిలి, రెండేళ్ళలో 56 వేల కిలోమీటర్లు తిరిగొచ్చింది. మోటార్‌సైకిల్ మీద ప్రపంచాన్ని చుట్టిన తొలి బ్రిటిష్ మహిళ. 1984లో ఆమె మన దేశంలో ఉండగానే పంజాబ్ దారులు విదేశీయులకి మూసుకుపోయాయి. అదీ దాటుకుని ఇల్లు చేరితే పట్టించుకున్నవాళ్ళే లేరు. ఆర్కిటెక్ట్‌గా ఉద్యోగంలో పడిపోయింది, ఒక పాత నీళ్ళ ట్యాంకుని ఇల్లుగా మార్చుకుంది. యాత్ర కథ పుస్తకంగా వచ్చింది 2017లో, ముప్ఫై మూడేళ్ళకి. టెడ్ సైమన్‌కి పుస్తకం త్వరగానే, 1979లోనే వచ్చింది, పేరూ వచ్చింది. అయినా కుదురుగా ఉండలేక 2001లో, అరవై తొమ్మిదేళ్ళ వయసులో, అదే దారిలో మళ్ళీ బయల్దేరాడు.

బియర్డ్ బండి 1974 నాటిది, అమ్మకుండా దాచుకుంది. ఆమె ఫరీదాబాద్‌లో ఉండి ఉంటే దాన్ని రోడ్డెక్కించడం కష్టమయ్యేది. పదిహేనేళ్ళు దాటిన పెట్రోలు బండ్లు రాజధాని ప్రాంతంలో తిరగకూడదన్న ఆదేశాన్ని 2018లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది, దాని మీద వాదోపవాదాలు ఆ తర్వాతా నడిచాయి. 2006 నాటి కరిజ్మాకీ ఇక్కడ అదే గతి. విశాఖలో అయితే ఫిట్‌నెస్ చూపించి, గ్రీన్ ట్యాక్స్ కట్టి, రిజిస్ట్రేషన్ మళ్ళీ చేయించుకోవచ్చు.