ముప్పై బస్తాలతో మొదటి పాఠం

కొత్త ప్రోగ్రామింగ్ భాష ఒకటి రాగానే దానికి తెలుగులో పాఠం రాద్దామని కూర్చునేవాళ్లు ఎక్కువగా ఒకే దారి పడతారు. భాష పుట్టుపూర్వోత్తరాలు, దాని విశిష్టతలు, డేటా టైపులు, ఆపరేటర్లు, షరతులు, లూపులు... పాఠం ఈ వరసలో సాగిపోతుంది. భాష వచ్చినవారికి ఇది ముచ్చటగానే ఉంటుంది. ఇంటర్ పూర్తిచేసి పెనుగొండలోనో తణుకులోనో డిగ్రీలో కంప్యూటర్స్ తీసుకున్న అమ్మాయికి మాత్రం పది పేజీలు తిరగేసినా ఇదంతా దేనికో అంతుపట్టదు. లోపం ఆమె తెలివిలో లేదు, పాఠం వరసలో ఉంది. యంత్రం ఇచ్చిన జవాబు ఒప్పో తప్పో చదివేవారే తేల్చుకోగలగాలి. మొదటి పాఠం చేయాల్సిన పని అదొక్కటే. మిగతావన్నీ తరవాత నేర్చుకోవచ్చు.

నియమావళి వేరు, పాఠం వేరు అన్న సంగతి సీ భాష పుస్తకంలోనే స్పష్టంగా కనిపిస్తుంది. సీని రూపొందించింది డెన్నిస్ రిచీ. దానికి 1974లోనే ట్యుటోరియల్ రాసింది బెల్ ల్యాబ్స్‌లో ఆయన సహోద్యోగి బ్రయన్ కెర్నిఘన్. 1978లో ఇద్దరి పేర్లతో వచ్చిన పుస్తకంలో మొదటి అధ్యాయం పరిచయ పాఠం. నియమాలన్నీ పూసగుచ్చినట్టు చెప్పే మాన్యువల్ చివర అనుబంధంగా చేరింది. మనకూ ఇలాంటి ఉదాహరణ ఉంది. 1858లో వచ్చిన చిన్నయ సూరి బాలవ్యాకరణం సంజ్ఞా పరిచ్ఛేదంతో మొదలై సంధి, తత్సమ, ఆచ్ఛిక పరిచ్ఛేదాల మీదుగా ప్రకీర్ణకం దాకా పది పరిచ్ఛేదాల్లో నడుస్తుంది. తెలుగు బాగా తెలిసినవారికి అది తిరుగులేని ప్రమాణం. కానీ దాన్ని చేతికిచ్చి తెలుగు రానివారిని నేర్చుకోమంటే సాధ్యం కాదు. 1873లో ఎ.హెచ్. ఆర్డెన్ తెచ్చిన తెలుగు వ్యాకరణం అలాంటివారి కోసం రాసింది కాబట్టి, అభ్యాసాలిస్తూ మెట్టుమెట్టుగా నడుస్తుంది. రెండూ గొప్ప పుస్తకాలే, ఒకదాని పని ఇంకొకటి చేయదు.

సరే, మొదటి పాఠంలో ఏ లెక్క పెట్టాలి? కెర్నిఘన్, రిచీల పుస్తకంలో హలో వరల్డ్ తరవాత వచ్చేది ఫారెన్‌హీట్ డిగ్రీలను సెల్సియస్‌లోకి మార్చే పట్టిక. ఫారెన్‌హీట్ అమెరికావాళ్లకు రోజూ వినే కొలత. మనం దాన్నే తెలుగులోకి దించుకుంటే పదాలు మారతాయి గానీ పరిచయం రాదు. గోదావరి జిల్లాల్లో ధాన్యం లెక్క 75 కిలోల బస్తాల్లో నడుస్తుంది. 2024-25లో సాధారణ రకం ధాన్యానికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాకు 2,300 రూపాయలు. 30 బస్తాలకు ఎంత? 30ని 75తో హెచ్చవేసి, 100తో భాగించి, 2,300తో హెచ్చవేయాలి. పైథాన్‌లో ఇలాగే రాస్తే 51,750 వస్తుంది. సీలో పూర్ణసంఖ్యలతో అదే వరసలో రాస్తే 50,600 వస్తుంది. 2,250ని 100తో భాగించినప్పుడు సీ 22 మాత్రం ఉంచుకుని పైనున్న అర క్వింటాను వదిలేస్తుంది. 1,150 రూపాయలు ఎగిరిపోతాయి. ఏ భాషలో ఏ భాగహారం ఎలా నడుస్తుందో పట్టిక వేసి చెబితే పరీక్ష దాకా గుర్తుంటుంది. ధాన్యం డబ్బులు తగ్గాయని కనిపెట్టిన అమ్మాయి మాత్రం ఆ నియమాన్ని జన్మలో మరిచిపోదు.

తెలుగు చదువరికి ఎదురయ్యే చిక్కులు కొన్ని ఇంగ్లీషు పాఠాల్లో ఉండనే ఉండవు. పెనుగొండ అన్న పేరు ఎంత పొడవు? మన కంటికి పె, ను, గొం, డ, నాలుగక్షరాలు. పైథాన్‌ను అడిగితే 8 అంటుంది. యూనికోడ్‌లో ప, న, గ, డ ఒక్కొక్కటి. ఎత్వం, కొమ్ము, ఒత్వం, సున్న వేరే ఒక్కొక్కటి. గో భాష బైట్లను లెక్కిస్తుంది కనుక 24 అంటుంది, యూటీఎఫ్-8లో వీటిలో ఒక్కొక్కటికి 3 బైట్లు పడతాయి. స్విఫ్ట్ మనలాగే 4 అంటుంది. మూడూ తమతమ నియమాల ప్రకారం సరైన జవాబులే. ఇంగ్లీషు పేరు తీసుకుంటే మూడు భాషలూ ఒకే అంకె చెప్పేవి, ఈ సంగతి బయటపడేదే కాదు. అందుకే తెలుగు పాఠాన్ని మూలం నుంచి అనువదించి తెచ్చుకుంటే చాలదు, తెలుగు రాసేవాళ్లు ఎక్కడ తట్టుకుని పడతారో ఎరిగినవాళ్లు కొత్తగా రాయాలి.

ఇలా ఒక లెక్కనే పట్టుకుంటే డేటా టైపులూ మెమరీ సంగతులూ దాచిపెట్టినట్టు కాదా అని నిపుణులు అడుగుతారు. అబద్ధం చెప్పకూడదన్నది నిజమే. కానీ ప్రతి నిజాన్నీ మొదటి రోజే చెప్పాలన్న నియమం లేదు. రస్ట్ నేర్చుకోవడానికి కష్టమైన భాషగా పేరుపడింది. దాని అధికారిక పుస్తకం రెండో అధ్యాయంలోనే దాచిన అంకెను ఊహించే ఆటను రాయిస్తుంది. ఆ భాషకు ప్రాణమైన ఓనర్‌షిప్ వివరణ నాలుగో అధ్యాయం దాకా రాదు. ‘ఇది తరవాత చూద్దాం’ అని ఒక్క మాట అనేస్తే నిజాయితీకి వచ్చే లోటేమీ లేదు.

ఉద్యోగాలు ఇంగ్లీషులో ఉండగా తెలుగు పాఠం దేనికన్నది రెండో ప్రశ్న. ఇది తోసిపారేయదగ్గది కాదు. భాషలోని ఆదేశాలు ఇంగ్లీషులోనే ఉంటాయి, ఎర్రర్ సందేశాలూ అంతే. లూప్, ఫంక్షన్ లాంటి మాటలకు కొత్త పదాలు కల్పించనక్కర్లేదు, వాడుకలో ఉన్నవాటినే వాడాలి. ఎందుకు అన్న ప్రశ్నకు జవాబు మాత్రం అర్థమయ్యే భాషలో రావాలి. అయిదారు ఎర్రర్ సందేశాలను ఉన్నదున్నట్టు చూపించి, ఒక్కో మాటా విప్పి చెప్పే తెలుగు పాఠం విద్యార్థిని ఇంగ్లీషుకు దూరం చేయదు, దాని దగ్గరికే తీసుకువెళుతుంది.

అడిగితే ప్రోగ్రామంతా ఏఐ రాసి పెడుతుంటే ఇంకా పాఠాలెందుకన్నది నేటి ప్రశ్న. రాసేది యంత్రమైనప్పుడు సరిచూసే పని మరింతగా మనిషి మీదే పడుతుంది. 50,600 అన్న జవాబు తెరమీద ఎంతో ధీమాగా కనిపిస్తుంది. అది తప్పని పట్టుకోవాలంటే ధాన్యం లెక్కా తెలియాలి, భాగహారం ఎలా జరిగిందో కూడా తెలియాలి. కాబట్టి తెలుగులో పాఠం రాయబోయే ఉపాధ్యాయులకూ ప్రోగ్రామర్లకూ ఒక్క మనవి. భాష విశిష్టతల జాబితాను చివరికి జరపండి. చదివేవారికి జవాబు ముందే తెలిసిన లెక్కతో మొదలుపెట్టండి. ప్రచురించే ముందు ఆ పాఠాన్ని ప్రోగ్రామింగ్ తెలియని ఒక విద్యార్థి చేత చదివించి, ఎక్కడ ఆగిపోయారో చూసి ఆ పేజీని తిరగరాయండి.