ఆ ఒక్క బిట్ వెనక గోదావరి

ఉస్మానియా లైబ్రరీ బయట చెట్ల కింద కూర్చుని గ్రూప్స్‌కి చదివేవాళ్ల నోట్సు ఎప్పుడైనా తిరగేయండి. 'కళలు-సంస్కృతి' దగ్గర ఒక లైన్ ఉంటుంది: దామెర్ల రామారావు, రాజమండ్రి, చిత్రకారుడు. పెన్సిల్‌తో కింద గీత గీసి పేజీ తిప్పేస్తాం. బిట్ వస్తే అర మార్కో మార్కో, అంతే కదా అని.

ఆయన 1897 మార్చిలో పుట్టారు. 1925 ఫిబ్రవరిలో మశూచితో పోయారు. లెక్కేస్తే ఇరవై ఎనిమిదో పుట్టినరోజు కూడా చూడలేదు. తార్నాక హాస్టల్ గదుల్లో రెండో అటెంప్ట్‌కో మూడో అటెంప్ట్‌కో కూర్చున్న చాలామందిది ఇంచుమించు అదే వయసు. నన్ను ఆ లైన్ దగ్గర ఆపింది అదే.

రాజమండ్రి దగ్గర గోదావరి రెండున్నర కిలోమీటర్లకు పైగా వెడల్పు. వానాకాలంలో గట్టు మీద నిలబడి చూస్తే అది నదో సముద్రమో చెప్పలేం. దాని మీద హేవలాక్ వంతెన 1900లో తెరిచేనాటికి రామారావుకి మూడేళ్లు. అప్పట్లో గవర్నమెంట్ ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఇంగ్లిష్ ఆయన. స్వయంగా బొమ్మలు వేసేవారు, రాసేవారు. అడివి బాపిరాజుకి గురువు కూడా ఆయనే. పుస్తకంలో బొమ్మ చూసి దించడం కాదు, కళ్లెదుట ఉన్న నీళ్లు, కొండలు, మనుషుల్ని చూసి గీయమనేవారు. ఈ కుర్రాడి చెయ్యి చూసి, ఖర్చులు తనే భరించి 1916లో బొంబాయి జేజే స్కూల్ ఆఫ్ ఆర్ట్‌కి పంపించారు.

అక్కడ రామారావు చేతిలో ఉన్నది తను గీసిన బొమ్మలే. అవి చూసి మొదటి ఏడాదిలో కూర్చోబెట్టకుండా నేరుగా పై తరగతిలో చేర్చుకున్నారు. ఇంటర్వ్యూలో 'ప్రాజెక్ట్ చూపించు' అంటే సీనియర్ దగ్గర తెచ్చుకున్న ఫైల్ తెరిచేవాళ్లకి ఈ ముక్క కాస్త గుచ్చుకుంటుంది. అయితే ఇంకో మాట కూడా దాచకూడదు. అందరికీ కూల్డ్రే దొరకడు. ఫీజు కట్టే మనిషి లేక ఆగిపోయిన రామారావులు ఎందరున్నారో ఎవరూ లెక్క రాయలేదు. కాబట్టి దీన్ని 'కష్టపడితే చాలు' కథలా చెప్పడం నాకిష్టం లేదు.

బొంబాయిలో నేర్చుకున్నది పాశ్చాత్య పద్ధతి. దేశంలో అప్పుడు ఊపు మీదున్నది బెంగాల్ శైలి. రామారావు ఈ రెండిట్లో దేన్నీ కాపీ కొట్టలేదు. స్కెచ్ పుస్తకం పట్టుకుని తిరిగారు. గుజరాత్, కాఠియావాడ్ వైపు వెళ్లి అక్కడి పాలమ్మే స్త్రీల నడక, బట్టల మడతలు పట్టుకొచ్చారు. తర్వాత గోదావరి లోయ, తూర్పు కనుమల దృశ్యాలు వేశారు. కార్తీక పౌర్ణమి, నంది పూజ, పుష్పాలంకరణ అంటూ మనింటి విషయాల్నే పెద్ద బొమ్మలు చేశారు.

ఇలా తిరిగి గీసే అలవాటుకి ప్రపంచంలో పెద్దపేరు ఇంగ్లండ్ చిత్రకారుడు టర్నర్‌ది. లండన్ మంగలి కొడుకు. తండ్రి కొట్టు కిటికీలో పెట్టి కొడుకు బొమ్మలు అమ్మేవాడట. పద్నాలుగేళ్లకే రాయల్ అకాడమీ బడిలో సీటు. 1802 నుంచి యూరప్ అంతా తిరిగి కొండలు, తుపాన్లు, ఓడలు, వెనిస్ నీళ్లు గీశాడు. వానలో దూసుకొచ్చే రైలింజన్‌ని కూడా వదల్లేదు, ఆ బొమ్మ 1844లో ప్రదర్శనకి పెట్టాడు. 1851లో పోయేనాటికి ఆయన దగ్గర మిగిలిన స్కెచ్‌లు, నీటిరంగులు ముప్పై వేల దాకా ఉన్నాయి. మనం గిట్‌హబ్‌లో రోజూ కమిట్ చేసినట్టే అనుకోండి. వాటిలో ఎక్కువ భాగం ఎవరికీ చూపించడానికి గీసినవి కావు.

టర్నర్‌కి డెబ్బై ఆరేళ్లు దొరికాయి. రామారావు 1920 ప్రాంతంలో చదువు ముగించి ఊరొచ్చారు. మిగిలింది ఐదేళ్లు. బొంబాయిలోనే ఉండిపోతే పేరు త్వరగా వచ్చేదేమో. ఆయన మాత్రం రాజమండ్రిలో చిత్రకళాశాల పెట్టి కుర్రాళ్లకి నేర్పడం మొదలుపెట్టారు. భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ కూడా కుంచె పట్టారు. ఆడవాళ్లు బొమ్మలేస్తే వింతగా చూసే కాలం అది.

ఫైన్ ఆర్ట్స్ వైపు మనసున్నవాళ్లకి మన దగ్గరే మాసబ్ ట్యాంక్‌లో జేఎన్ఏఎఫ్ఏయూ ఉంది. బీఎఫ్ఏ ఎంట్రన్స్‌లో గీసి చూపించాలి, బిట్లు బట్టీపడితే కుదరదు. మిగతావాళ్లు కనీసం ఒకసారి సికింద్రాబాద్‌లో రాత్రి రైలెక్కండి. తెల్లారేసరికి గోదావరి వంతెన. ఊళ్లో దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీకి వెళ్తే పెద్ద బొమ్మల దగ్గరే ఆగిపోకండి. ఆయన వదిలివెళ్లిన స్కెచ్ పుస్తకాలు పాతికకు పైనే ఉన్నాయి. ఒక చెయ్యి, ఒక మెడ వంపు, ఒక పడవ మళ్లీ మళ్లీ గీసుకున్నవి.

ఆయన పోయాక ఆ బడి మూతపడలేదు. మిత్రుడు వరదా వెంకటరత్నం దాన్ని నడిపారు, బొమ్మలు చెదిరిపోకుండా కాపాడారు. నోట్సులో ఆ పేరు కూడా రాసుకోండి, చాలా మెటీరియల్స్‌లో ఉండదు.